రాస్ లఫాన్ క్యాంపుల్లో నర్సు చేతికి అధికారం

గల్ఫ్ కార్మికుల ఆరోగ్యం మాట ఎత్తగానే మనవాళ్ళ దగ్గర ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఖతార్‌కు డబ్బుకు లోటు లేదు, ఆసుపత్రులకు కొదవ లేదు. హెల్త్ కార్డు చేతిలో ఉంటే ప్రభుత్వ హమద్ ఆసుపత్రిలో వైద్యం దాదాపు ఉచితం. వెళ్ళేవాళ్ళు కూడా ఇక్కడ మెడికల్‌లో ఫిట్ అయ్యాకే విమానం ఎక్కిన పడుచువాళ్ళు. అలాంటివాళ్ళకు కావలసింది ప్రమాదం జరిగితే అంబులెన్సు, ప్రాణం మీదికొస్తే పెద్ద డాక్టరు. క్యాంపులో నర్సు సంగతేమిటని అడిగితే, దెబ్బకు కట్టుకట్టి బిళ్ళ ఇవ్వడానికి ఎవరో ఒకరు ఉంటారుగా అంటారు. ఏజెంట్లు ఈ మాట చెబుతారు, ప్రవాస సంఘాల సభల్లో పెద్దలు చెబుతారు. జగిత్యాలలోనో సోంపేటలోనో కొడుకును సాగనంపిన తల్లి అదే నమ్మి గుండె దిటవు చేసుకుంటుంది. ఆ తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. తక్కినవాళ్ళ వాదనను మాత్రం ముక్కముక్కగా పట్టుకుని కాదనాలి. ఆ వాదన చాటున మన మనుషులు నలభై నిండకుండా చనిపోతున్నారు.

రాస్ లఫాన్ దోహాకు ఉత్తరాన దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో సముద్రపు ఒడ్డున ఉంది. 1990ల చివరి నుంచి అక్కడి ద్రవ సహజవాయువు ఓడలకెక్కి మొదట జపాన్‌కూ, తర్వాత ప్రపంచమంతటికీ వెళ్ళింది. 2004 నుంచి గుజరాత్‌లోని దహేజ్ రేవుకూ వస్తోంది. మన దేశపు ఎరువుల కర్మాగారాలకు, నగరాల వంటిళ్ళకు చేరే గ్యాసులో రాస్ లఫాన్ వాటా ఉంది. ఏటా 7.7 కోట్ల టన్నులున్న సామర్థ్యాన్ని 12.6 కోట్లకు, ఆపైన 2030 నాటికి 14.2 కోట్లకు పెంచాలన్నది నార్త్ ఫీల్డ్ గ్యాసు క్షేత్రపు విస్తరణ ప్రణాళిక. ఆ పైపులను అతికేదీ, స్కాఫోల్డింగ్ కట్టేదీ, మరమ్మతులకు ప్లాంటు ఆపే షట్‌డౌన్ సమయంలో ట్యాంకుల్లోకి దిగేదీ వలస కార్మికులు. ఉద్దానం, విశాఖ వైపు నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు వెళ్తారు. కరీంనగర్, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి హెల్పర్లుగా, క్లీనర్లుగా, డ్రైవర్లుగా వెళ్తారు. తెల్లవారుజామున మూడున్నరకో నాలుగింటికో బస్సు ఎక్కి, చీకటిపడ్డాక క్యాంపుకు తిరిగొచ్చే బతుకులు అవి.

ముందు ఆ ఫిట్ సర్టిఫికెట్ సంగతి తేల్చాలి. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో చేసే మెడికల్, దోహాలో దిగాక మెడికల్ కమిషన్ చేసే పరీక్ష, ఈ రెండూ అడిగే ప్రశ్న ఒకటే: ఈ మనిషిని లోపలికి రానివ్వవచ్చా? క్షయ ఉందా, హెచ్‌ఐవీ ఉందా, కామెర్ల వైరస్ ఉందా అని చూస్తాయి. రెండేళ్ళు ఎండలో నిలబడ్డాక ఇతని గుండె, కిడ్నీలు, రక్తపోటు ఎలా ఉంటాయన్నది ఆ పరీక్షల పని కాదు. ప్రవేశద్వారం దగ్గర మనిషిని వడపోసే పరీక్షను అతని ఆరోగ్యానికి పూచీగా చూపించడం మొదటి తప్పు. పైగా ఆ పూచీని కార్మికుడి మీదకే తిప్పుతారు. ఫిట్‌గా వచ్చినవాడికి రోగం వచ్చిందంటే తిండి సరిగా తినలేదు, నీళ్ళు తాగలేదు, మందు తాగాడు అంటారు.

2021 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రిక ఒక లెక్క బయటపెట్టింది. ఖతార్‌కు ప్రపంచకప్ దక్కిన 2010 నుంచి పదేళ్ళలో అయిదు దక్షిణాసియా దేశాల కార్మికులు 6,500 మందికి పైగా అక్కడ చనిపోయారు. అందులో 2,711 మంది భారతీయులు. భారతీయుల మరణాల్లో దాదాపు 80 శాతానికి కాగితం మీద రాసిన కారణం సహజ మరణం. ఖతార్ ప్రభుత్వం జవాబిస్తూ, అంత పెద్ద జనాభాలో ఆ సంఖ్య ఊహించదగినదే అంది. మన దగ్గరా చాలామంది ఆ జవాబుతో తృప్తిపడ్డారు. ఏ ఊళ్ళోనైనా ఏటా కొందరు పోతారు కదా అన్నారు.

ఈ పోలిక చెల్లదు. ఊళ్ళో ముసలివాళ్ళుంటారు, పసిపిల్లలుంటారు, మంచం పట్టినవాళ్ళుంటారు. క్యాంపులో ఉండేది ఇరవై దాటి యాభై నిండని మగవాళ్ళు, అదీ జబ్బు ఉన్నవాళ్ళను ఏరేసిన తర్వాత మిగిలినవాళ్ళు. పని చేయగలిగినవాళ్ళ గుంపులో మరణాల రేటు మామూలు జనాభా కంటే తక్కువగా ఉండి తీరాలని వృత్తి ఆరోగ్య శాస్త్రం ఎప్పటినుంచో చెబుతోంది. అలాంటి గుంపులో మరణాలు మామూలుగానే ఉన్నాయని చెప్పడమంటే ఎక్కువగా ఉన్నాయని ఒప్పుకోవడమే. వాదనలో రెండు భాగాలూ కలిసి నిలబడవు. ఫిట్ అయినవాళ్ళే వస్తారన్నది నిజమైతే మరణాలు మామూలుగా ఉన్నాయన్న ఊరటకు చోటు లేదు.

సహజ మరణం అన్న పద్దులో ఏముందో చూడడానికి ప్రయత్నించినవాళ్ళు ఉన్నారు. 2009 నుంచి 2017 వరకు ఖతార్‌లో చనిపోయిన నేపాలీ కార్మికుల రికార్డులను ఎండ తీవ్రతతో పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనం 2019లో కార్డియాలజీ అనే పత్రికలో వచ్చింది. గుండె సంబంధమైనవిగా నమోదైన 571 మరణాల్లో 200 వరకు, వేడి నుంచి తగిన రక్షణ ఉంటే, ఆపగలిగినవే అని ఆ పరిశోధకులు అంచనా వేశారు. అంతకు అయిదేళ్ళ ముందే, 2014లో, ఖతార్ ప్రభుత్వమే నియమించుకున్న డీఎల్‌ఏ పైపర్ అనే న్యాయసంస్థ, గుండెపోటుగా రాసిన మరణాల మీద స్వతంత్ర అధ్యయనం జరపాలనీ, హఠాన్మరణాల్లో శవపరీక్షకు చట్టం వీలు కల్పించాలనీ సిఫార్సు చేసింది.

ఒక విషయంలో ఖతార్‌కు దక్కవలసిన మెప్పు దక్కాలి. 2021లో వచ్చిన ఆదేశం జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట పనిని నిషేధించింది. వేడి, తేమ, ఎండ కలిపి కొలిచే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలంది. యజమాని ఖర్చుతో ఏటా వైద్యపరీక్ష జరపాలంది. ఫలితం కనిపించింది. వేడి వల్ల జబ్బుపడి రెడ్ క్రెసెంట్ నడిపే కార్మికుల క్లినిక్‌లకు వచ్చినవాళ్ళు 2020 వేసవిలో 1,520 మంది. 2021లో 620, 2022లో 351. అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రకటించిన అంకెలివి. ఈ అంకెలు నాకు రెండు సంగతులు చెబుతున్నాయి. ఆ మరణాలు విధిరాత కావు, నియమం మారితే శరీరాలు ఊపిరి పీల్చుకుంటాయి. క్లినిక్‌లో కూర్చుని ప్రతి రోగినీ రిజిస్టరులో రాసేవాళ్ళు ఉంటేనే ఆ మార్పు కంటికి కనబడుతుంది. సైట్ క్లినిక్‌లో పనడాల్ బిళ్ళ మింగి, కాసేపు నీడన కూర్చుని తిరిగి పనికెక్కినవాడు ఆ 351 మందిలో లేడు.

ఇక ఆ వార్షిక పరీక్ష. కాగితం మీద చాలా మంచిది. సోంపేట వైపు నుంచి వెళ్ళిన ఒక వెల్డరును ఊహించుకుందాం. వయసు 34. ఉద్దానం నేల మీద పుట్టినవాడు. కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో శాస్త్రవేత్తలు ఈనాటికీ తేల్చలేని నేల అది. పరీక్షలో రక్తపోటు 150 దాటింది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ హద్దు మీద ఉంది. రిపోర్టులో గీత గీసి డాక్టరుకు చూపించమని రాశారు. ఏ డాక్టరుకు? ఎప్పుడు? బస్సు తెల్లవారుజామున కదులుతుంది, తిరిగొచ్చేసరికి క్లినిక్ తలుపులు మూస్తారు. అల్ ఖోర్ ఆసుపత్రికి వెళ్ళాలంటే క్యాంప్ బాస్‌ను అడగాలి, బండి ఇప్పించాలి, ఒక రోజు పోవాలి. సెలవు దొరికేది శుక్రవారం ఒక్కరోజు. ఆ రోజు బట్టలుతుక్కోవాలి, ఇంటికి ఫోన్ చేయాలి, కంటినిండా నిద్రపోవాలి. రక్తపోటు నొప్పి పెట్టదు. కిడ్నీ దెబ్బతినడం మొదట్లో తెలియదు. నొప్పి లేని జబ్బుకు జీతం పోగొట్టుకుని ఆసుపత్రికి వెళ్ళే కార్మికుడు ఏ దేశంలోనూ ఉండడు.

పెద్ద ఆసుపత్రి కడితే చాలన్న వాదన కూలిపోయేది ఇక్కడే. 2020లో కోవిడ్ విరుచుకుపడినప్పుడు రాస్ లఫాన్‌లోనూ హమద్ సంస్థ ఆసుపత్రి తెరిచింది. అవసరం వచ్చినప్పుడు మంచాలు ఎంత వేగంగా పుట్టించగలరో చూపించింది. ఆ సామర్థ్యాన్ని తక్కువ చేయను. అయితే ఆసుపత్రికి మనిషి తనంతట తానుగానో అంబులెన్సులోనో రావాలి. మన వెల్డరు రాడు. వచ్చే రోజున డయాలసిస్ మంచం కోసం వస్తాడు, లేదా అతని శవం వస్తుంది. ఈలోగా గడిచే మూడునాలుగేళ్ళు ఎవరి బాధ్యత? నెలనెలా పట్టీ కట్టి రక్తపోటు చూసేది, బిళ్ళ వేసుకుంటున్నావా అని అడిగేది, నొప్పులకు చీటీ లేకుండా డైక్లోఫెనాక్ కొనుక్కుంటున్నావా అని ఆరా తీసి అది కిడ్నీని తినేస్తుందని చెప్పేది, వచ్చే వారం నిన్ను ట్యాంకు పనికి పంపొద్దని ఫోర్‌మన్‌కు రాసిచ్చేది ఎవరు? ఈ పని ప్రాథమిక వైద్యం. ప్రపంచంలో అత్యధిక చోట్ల దీన్ని చేసేది నర్సు.

క్యాంపులో నర్సులు లేరా అంటే, ఉన్నారు. చట్టమే ఉండాలంటుంది. ఖతార్ కార్మిక చట్టం, 2004లోని 14వ నంబరుది, 104వ అధికరణంలో ఆ లెక్క చెప్పింది. పాతిక మంది వరకు కార్మికులుంటే ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. పాతిక దాటితే గుంపు గుంపుకో పెట్టె పెట్టాలి. వంద దాటితే పెట్టెలతో పాటు పూర్తికాలపు నర్సు ఒకరిని నియమించాలి. అయిదువందలు దాటితే కనీసం ఒక డాక్టరు, ఒక నర్సు ఉన్న క్లినిక్ తెరవాలి. ఈ వరుస చూస్తే ఆ చట్టం నర్సును ఎక్కడ నిలబెట్టిందో అర్థమవుతుంది. ఆ నర్సు పెట్టెకు కొనసాగింపు, దెబ్బ తగిలాక అందే వస్తువుల జాబితాలో ఒక పేరు. 101 మందికైనా ఒక్కరే, 499 మందికైనా ఒక్కరే. మూడు వేల మంది ఉన్న సైట్‌కు కూడా కనీసం అన్న మాట దగ్గర చట్టం ఆగిపోతుంది. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కూడా ఇదే చూపుతో రాసింది. అయిదువందల మంది దాటితే అంబులెన్సు గది ఉండాలంది. యంత్రాల్లో చేతులు నలిగిన కాలపు ఆలోచన అది. గుండె, కిడ్నీ, చక్కెర, కుంగుబాటు ఆ గదిలోకి రావు.

ఆ సంఖ్యను కాస్త కదిపి చూడండి. 499 మందిని ఒక్కొక్కరిని పావుగంట కూర్చోబెట్టి రక్తపోటు, చక్కెర, బరువు, నిద్ర, వాడుతున్న మందులు చూడాలంటే 125 గంటలు పడుతుంది. రోజుకు నాలుగు గంటలు ఇందుకే కేటాయిస్తే అయిదారు వారాల్లో ఒక నర్సు క్యాంపులో ప్రతి మనిషినీ పేరుపెట్టి పిలవగలిగేంతగా తెలుసుకుంటారు. మూడు వేల మందికి అదే నర్సు అయితే ఆరు నెలలు దాటుతుంది, ఆలోపు షట్‌డౌన్ ముగిసి సగం మంది వెళ్ళిపోతారు. కాబట్టి అసాధ్యమన్న మాట అబద్ధం. లెక్క కుదిరే చోట కుదురుతుంది, కుదరని చోట ఇంకొందరు నర్సులు కావాలి. అంతకు మించిన రహస్యం ఏమీ లేదు.

సంఖ్య ఒక్కటే చాలదు. క్యాంపు నర్సు కాంట్రాక్టరు దగ్గర జీతం తీసుకునే మనిషి. వీసా కూడా ఆ కాంట్రాక్టరుదే. సైట్ గేటు దగ్గర పెద్ద బోర్డు ఉంటుంది, ప్రమాదం వల్ల పనిదినం పోకుండా ఇన్ని లక్షల గంటలు గడిచాయని. ఆ అంకె మీద బోనసులు, తర్వాతి టెండర్లు ఆధారపడతాయి. వేలు చితికినవాడికి ప్రథమ చికిత్స అని రాస్తే బోర్డు చెక్కుచెదరదు, వైద్యం చేయాల్సిన గాయం అని రాస్తే అది ఒక లెక్కలోకి, విశ్రాంతి అని రాస్తే ఇంకో లెక్కలోకి ఎక్కుతుంది. కళ్ళు తిరిగి పడినవాడిని గంటసేపు ఏసీ గదిలో పడుకోబెట్టి పంపాలా, రెండు రోజులు సెలవు రాయాలా? ఆ కలం నర్సు చేతిలో ఉంటుంది, ఆ చేతి మీద సేఫ్టీ మేనేజరు చూపు ఉంటుంది. వృత్తి ఆరోగ్య సేవల మీద 1985లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 161వ ఒప్పందం ఈ చిక్కును అప్పుడే గుర్తించింది. ఆ సేవలందించేవాళ్ళకు యజమాని నుంచీ కార్మికుల నుంచీ పూర్తి వృత్తి స్వాతంత్ర్యం ఉండాలనీ, పనికి రాకపోవడానికి కారణాలు నిజమా కాదా అని తేల్చే పని వాళ్ళ మీద పెట్టకూడదనీ రాసింది. ఇన్ని వేల కోట్ల డాలర్ల పెట్టుబడి పెట్టే సంస్థలకు నర్సు జీతాన్ని కాంట్రాక్టరు చేతుల్లోంచి తప్పించడం కష్టమైన పనా?

కార్మికుడు భయపడేదీ ఇక్కడే. చట్టం ప్రకారం చేరిన మూడు నెలల తర్వాత ఏడాదికి రెండు వారాలు పూర్తి జీతంతో, తర్వాత నాలుగు వారాలు సగం జీతంతో జబ్బు సెలవు ఉంది. కనీస వేతనం వెయ్యి రియాళ్ళు. అప్పు చేసి వచ్చినవాడికి సగం జీతం అన్న మాటే జబ్బు దాచుకోవడానికి సరిపోతుంది. తన కష్టం చెప్పుకుంటే ఆ మాట ఫోర్‌మన్ చెవికి, అక్కడినుంచి ఆఫీసుకు చేరుతుందనుకుంటే ఎవరూ నోరు విప్పరు. రాత్రి నిద్ర పట్టడం లేదని, బతకాలని లేదని చెప్పడం సరేసరి. అది కూడా వచ్చీరాని హిందీలో, మలయాళీ నర్సుకు. గుండె దడ, నీరసం, ఆయాసం, ఛాతీలో పట్టేసినట్టుండడం, వీటి మధ్య తేడా పరాయి భాషలో చెప్పలేక అన్నిటికీ కలిపి బుఖార్ అనేవాళ్ళు ఎందరో. రాస్ లఫాన్ క్యాంపుల్లో తెలుగు, నేపాలీ, బెంగాలీ వచ్చిన నర్సులు ఉండాలని అడగడం ప్రాంతీయాభిమానం కాదు. రోగం తెలుసుకోవడానికి మొదటి పనిముట్టు అదే.

డాక్టర్లు ఎత్తే అభ్యంతరం ఒకటి మిగిలింది. నర్సు రోగం నిర్ధారించి మందు రాస్తే ప్రమాదం కదా అంటారు. దీనికి జవాబు అరవై ఏళ్ళ కింద మొదలైంది. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి, డాక్టర్లు దొరకని చోట్ల పిల్లల ఆరోగ్యం చూసే బాధ్యతకు నర్సులను తయారుచేయడం మొదలుపెట్టారు. 2000లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి. 1,316 మంది రోగులను చీటీ తీసినట్టు కొందరిని అలాంటి నర్సుల దగ్గరికి, కొందరిని డాక్టర్ల దగ్గరికి పంపారు. న్యూయార్క్‌లో జరిగిన ఆ ప్రయోగంలో ఆరు నెలల తర్వాత రోగుల ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2018లో కోక్రేన్ సమీక్ష అలాంటి 18 ప్రయోగాలను కలిపి చూసి, ప్రాథమిక వైద్యంలో నర్సుల చేతి ఫలితాలు డాక్టర్లతో సమానంగానో కొంత మెరుగ్గానో ఉండవచ్చని తేల్చింది. ఆ ప్రయోగాల్లో ఎక్కువ భాగం సంపన్న దేశాలవి, ఆ నర్సులకు అదనపు శిక్షణ ఉంది, ఒక్కో రోగితో ఎక్కువసేపు గడిపారు. అందుకే నేను అడిగేది మూడేళ్ళ డిప్లొమాతో నిన్న చేరిన నర్సుకు మందుల బీరువా తాళాలు ఇచ్చేయమని కాదు. శిక్షణ, రాతపూర్వకమైన చికిత్సా పద్ధతి, ఫోన్‌లో దొరికే డాక్టరు, పరిమితమైన మందుల జాబితా, ఎప్పుడు పైకి పంపాలో చెప్పే నియమం, ఇవన్నీ కలిపి ఇవ్వాలి.

అంత దూరం పోనక్కర్లేదు, మన ఇంట్లోనే చేశాం. ఆంధ్రప్రదేశ్‌లో పదివేలకు పైగా గ్రామ క్లినిక్‌లలో బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్ళను కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా కూర్చోబెట్టాం. రక్తపోటు, చక్కెర రోగులకు నెలనెలా మందులిచ్చేది వాళ్ళే. తెలంగాణ 2017లో ఫెర్నాండెజ్ సంస్థ, యూనిసెఫ్‌లతో కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. కాన్పు బాధ్యత నర్సు చేతికి ఇచ్చే ఆ శిక్షణ మొదలైంది కరీంనగర్‌లో, గల్ఫ్‌కు కొడుకుల్ని పంపే జిల్లాలో. ఆ ఇంట్లో కోడలి కాన్పుకు నర్సు మీద నమ్మకం పెట్టిన సమాజం, కొడుకు రక్తపోటుకు అదే నర్సును నమ్మనంటే ఆ మాటకు అర్థం లేదు.

నన్ను నిజంగా ఆలోచింపజేసే అభ్యంతరం వేరొకటి ఉంది, అది కార్మికుల పక్షాన నిలబడేవాళ్ళ నుంచి వస్తుంది. ఖతారీలకూ ఇంజనీర్లకూ స్పెషలిస్టు డాక్టర్లు, కూలీలకు నర్సులు. ఇది రెండో తరగతి వైద్యం కాదా అంటారు. ఆ కోపంలో న్యాయం ఉంది. మన గ్రామ క్లినిక్‌లలో పనిచేసేవాళ్ళు కాంట్రాక్టు ఉద్యోగులు, పని పెరిగినంతగా వాళ్ళ జీతం, భద్రత పెరగలేదు. చవకగా వస్తారని నర్సులను పెడితే అది మోసమే. అయినా ఆ అభ్యంతరం చివరికి డాక్టర్ల కోసం ఎదురుచూడమంటుంది, ఆ ఎదురుచూపులో కార్మికుడికి ఇద్దరూ దక్కరు. నర్సును పెట్టడం డాక్టరును తీసేయడానికి కాకూడదు, డాక్టరు దగ్గరికి సకాలంలో చేర్చడానికి కావాలి. అల్ ఖోర్‌లోని నిపుణుడికి ఆ వెల్డరు జబ్బు ముదరకముందే కనబడాలంటే, ముందు క్యాంపులో ఎవరో అతన్ని చూసి ఉండాలి.

నర్సుల సంఖ్య గురించి లోకంలో పరిశోధనకు లోటేమీ లేదు. 2002లో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియా ఆసుపత్రులను పరిశీలించి, ఒక నర్సు మీద అదనంగా ఒక్కో రోగి పడేకొద్దీ శస్త్రచికిత్స రోగులు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతోందని చూపింది. 2014లో తొమ్మిది యూరప్ దేశాల్లో అదే తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం ప్రపంచంలో 2.98 కోట్ల మంది నర్సులున్నారు, ఇంకా 58 లక్షల మంది కొరత. ఈ లెక్కల్లో దేశం మొత్తానికి సగటు ఉంటుంది, ఆసుపత్రి వార్డు ఉంటుంది. దోహా నడిబొడ్డున పదిమంది నర్సులు, రాస్ లఫాన్ క్యాంపులో ఒక్కరు ఉన్నా సగటు చక్కగానే కనబడుతుంది. అందుకే సగటులు చూపించి ఖతార్‌లో నర్సులకు లోటు లేదనడం రుజువు కిందికి రాదు. క్యాంపు వారీగా నర్సుకు ఎందరు కార్మికులు, రక్తపోటు ఉన్నవాళ్ళలో అదుపులో ఉన్నది ఎందరికి, ప్రథమ చికిత్సగా రాసిన కేసుల్లో వారంలోపు మళ్ళీ వచ్చినవి ఎన్ని, ఈ మూడు అంకెలు ఏటా బయటపెడితే చాలు, వాదన అక్కర్లేకుండా నిజం తేలుతుంది.

మన ప్రభుత్వాలు దీనిలో ఎక్కడున్నాయి? ప్రవాసీ భారతీయ బీమా పథకం ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షలిస్తుంది. సహజ మరణానికి ఇవ్వదు. పైన చెప్పిన 80 శాతం అంకెను దీని పక్కన పెట్టి చదవండి. తెలంగాణ 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల పరిహారం ప్రకటించింది, ఆ కుటుంబాలకు అది కావాలి, ఇవ్వాల్సిందే. కానీ మన విధానమంతా శంషాబాద్ కార్గో దగ్గర శవపేటిక అందుకోవడంతో మొదలవుతోంది. మనిషి అక్కడ బతికి ఉన్న ఏళ్ళ గురించి ఒక్క పేజీ కూడా రాయలేదు. మరోవైపు 2015 నుంచి గల్ఫ్‌కు నర్సులను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నియమం ఉంది. నర్సుల దగ్గర లక్షలకు లక్షలు వసూలు చేస్తున్న నేపథ్యంలో వచ్చిన నియమం అది. తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రకు ఓమ్‌క్యాప్ అలా పనిచేస్తున్నాయి. అంటే కార్మికుడిని పంపేదీ మనమే, నర్సును పంపేదీ మనమే. ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రుల నర్సులకు కనీసం 20,000 ఇవ్వాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడ్డ కమిటీ చెప్పినా పట్టించుకోనందువల్లే ఆ నర్సు విమానం ఎక్కింది. అక్కడ ఇద్దరూ ఒకే కాంట్రాక్టరు కింద, ఒకే కంచె లోపల కలుస్తారు. ఇద్దరికీ నోరు లేకుండా చేసిన ఒప్పందాల మీద సంతకాల్లో మన వంతు ఉంది.

భారత్, ఖతార్‌ల మధ్య 1985 నుంచి కార్మిక ఒప్పందం ఉంది, 2007లో దానికి అదనపు ప్రోటోకాల్ జోడించారు. దాని కింద కూర్చునే సంయుక్త సమావేశాల్లో భారతదేశం అడగవలసినవి ఇవి. అయిదువందల మందికి ఒకరు తగ్గకుండా శిక్షణ పొందిన నర్సులు, కార్మికుల భాష వచ్చినవాళ్ళు. వాళ్ళ నియామకం, జీతం కాంట్రాక్టరు నుంచి కాకుండా ప్రజారోగ్య మంత్రిత్వశాఖ నుంచో రెడ్ క్రెసెంట్ నుంచో రావాలి, ఖర్చు మాత్రం ప్రాజెక్టు భరించాలి. క్లినిక్ రాత్రి పది దాకా, శుక్రవారం పూట కూడా తెరిచి ఉండాలి. రోగి వివరాలు కంపెనీ ఆఫీసుకు వెళ్ళకూడదు. కార్మికుడు తిరిగొచ్చేటప్పుడు అతని ఆరోగ్య రికార్డు అతనితో రావాలి, దాన్ని పలాస కిడ్నీ ఆసుపత్రిలోనో జగిత్యాల ఆసుపత్రిలోనో చూడగలగాలి. ఇక ప్రతి టెండరులో క్రేనుకూ స్కాఫోల్డింగుకూ వేరు పద్దు ఉన్నట్టే నర్సింగుకూ వేరు పద్దు ఉండాలి. ఆ పద్దులో ఖర్చు చేయని ప్రతి రియాలూ కాంట్రాక్టరు లాభంలోకి పోకుండా వెనక్కి తీసుకోవాలి.